ముప్పై రెండో కవరు

సెప్టెంబరు నాలుగు. ఆ సాయంత్రం అత్తగారు తిన్నది రెండు బ్రెడ్డు ముక్కలు, సగం అరటిపండు. మిగతా సగం అల్లుడి చేతిలో పెట్టింది. రేపు తనకి ఊపిరి పోసేవాడికి కాస్త బలం ఉండాలట.

అల్లుడు ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో వెంటిలేటర్లు చూసుకునే టెక్నీషియన్. ఆవిడకి పిత్తాశయం తీయాలి. ఆపరేషన్ రోజు అతను సెలవు పెడతానంటే ఆవిడే ఒప్పుకోలేదు. కట్టుడు పళ్ళు తీసేసి పరాయివాళ్ళ ముందు నోరు తెరవడం తన వల్ల కాదంది.

మత్తు డాక్టరమ్మ అక్కడ ఒక పరిశోధన చేస్తోంది. మత్తులో ఉన్నంతసేపూ రోగికి ఊపిరి పోసేది యంత్రమే. ప్రతి ఊపిరికీ ఇంత గాలి అని కొలిచి పంపడం ఒక పద్ధతి, ఒత్తిడి ఇంతకు మించకుండా పంపడం ఇంకొకటి. దేనితో ఊపిరితిత్తులు తక్కువ రేగుతాయో, ఒంట్లో వాపు తక్కువ వస్తుందో రక్తపరీక్షలో తేలాలి. ఎవరికి ఏ పద్ధతన్నది వరుసగా అంకెలేసి అంటించిన కవర్లలో ఉంటుంది. అందులో చేరడానికి అత్తగారు సరదాగానే సంతకం పెట్టింది. అల్లుడికి మాత్రం ఒత్తిడి పద్ధతే మెత్తనిదని గట్టి నమ్మకం.

మర్నాడు థియేటర్లో ఆవిడ వంతుకి వచ్చింది ముప్పై ఒకటో కవరు. విప్పితే 'కొలత' అని ఉంది. డాక్టరమ్మ అటు తిరిగి చేతులు కడుక్కుంటోంది. కింద ముప్పై రెండో కవరు, అందులో 'ఒత్తిడి' ఉందేమో. అతని వేళ్ళు దాని అంచు దాకా వెళ్ళాయి.

అత్తగారు ముప్పై ఏళ్ళు టీచరు. గంట కొట్టగానే సొంత కూతురి చేతిలోంచి పరీక్ష పేపరు లాగేసుకున్న మనిషి. ఆ కూతురు, అంటే అతని భార్య, ఇప్పటికీ ఆ మాటెత్తితే మూతి ముడుస్తుంది. ఆవిడ కోసం కవరు మార్చానని ఆవిడకే తెలిస్తే?

చెయ్యి వెనక్కి తీసుకుని, కొలత పద్ధతని డాక్టరమ్మకి చెప్పాడు. గంటన్నర సేపు తెర మీది గీతల నుంచి కన్ను తిప్పలేదు.

గొంతులోంచి గొట్టం తీశాక ఆవిడ బొంగురుగొంతుతో మొదట అడిగింది పళ్ళ గురించే.

ఏడాదికి ఫలితాలు తేలాయి. రెండు పద్ధతులకీ తేడా ఏమీ కనపడలేదు. 'ఒత్తిడి' మీద అతని నమ్మకం ఎత్తి డాక్టరమ్మ అతన్ని తెగ ఆటపట్టించింది. ఆ రోజు భోజనాలయ్యాక అతను అత్తగారి ముందు నిజం కక్కేశాడు.

"అయితే విప్పలేదన్నమాట?"

"లేదండీ అత్తయ్యగారూ. చెయ్యి మాత్రం వెళ్ళింది."

"దానికి అర మార్కు కోత."

భార్య పడీపడీ నవ్వింది. తన పేపరు లాక్కున్నందుకు అమ్మకెన్ని మార్కులు కొయ్యాలో అదీ ఇప్పుడే తేల్చమంది. అత్తగారు కాసేపు ఆలోచించి, రెండు అని ఒప్పుకుంది.

ఆ నవ్వుల్లోనే అల్లుడు పడక కుర్చీలో నిద్రపోయాడు. అత్తగారు గుమ్మంలో నిలబడి గురక విన్నది. ఏ కొలతా లేకుండా హాయిగా సాగుతోంది. దుప్పటి కప్పి, లైటు ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.