ఊడవని గది

"అక్కా, నాన్న గదిలోకి అమ్మ చీపురు రానివ్వట్లేదు" అని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు ముందు నాకు నవ్వొచ్చింది. మా అమ్మ సంగతి తెలిసినవాళ్లెవరికైనా వస్తుంది. ఇల్లు ఊడ్చే విషయంలో ఆవిడ రాక్షసి. చుట్టాలు కుర్చీలోంచి లేస్తే చాలు, వాళ్లు గుమ్మం దాటకముందే ఆ కుర్చీ తుడిచేసేది. పాపం, సగం మంది చుట్టాలు మా ఇంట్లో నిలబడే మాట్లాడి వెళ్లిపోయేవారు.

"నవ్వకక్కా. నాన్న పోయిన దగ్గర్నుంచీ ఇదే వరస. రోజంతా ఆ గదిలోనే కూర్చుంటోంది. ఒకటే దగ్గు, అది వింటుంటే నాకు భయమేస్తోంది" అన్నాడు.

సెలవు పెట్టి బయల్దేరాను. నేను ఒక పెద్ద హోటల్లో గదులు శుభ్రం చేసేవాళ్ల మీద సూపర్‌వైజర్ని. ఒకరు ఖాళీ చేసిన గదిలోకి మరొకరు అడుగుపెట్టేసరికి, అక్కడ అంతకుముందు ఓ మనిషి ఉన్నాడన్న ఆనవాలే ఉండకూడదు. దిండు మీద వెంట్రుక గానీ, అద్దం మీద వేలిముద్ర గానీ కనపడితే నేను ఊరుకోను. నా వెనకాల అందరూ నన్ను భూతద్దం అంటారని నాకు తెలుసు. ఈ పట్టింపు నాకు అమ్మ నుంచే వచ్చింది. అలాంటి అమ్మ గది ఊడవనివ్వడం లేదంటే దారి పొడుగునా కోపమే వచ్చింది. దుఃఖం ఉంటే ఏడవాలి గానీ, దుమ్ము పెంచుకోవడమేమిటి?

నాన్నది అద్దాల కొట్టు. కిటికీలకు అద్దాలు కోసివ్వడం, ఫొటోలకు ఫ్రేములు కట్టడం ఆయన పని. కోసిన అద్దాలు చుట్టడానికి పాత పత్రికలు కిలోల లెక్కన కొనేవాడు. వాటిలో సైన్సు పేజీ కనపడిందంటే పని ఆపి, నిలబడే చదివేవాడు. ఈలోపు కొనడానికి వచ్చినవాళ్లు తొందరపెడితే, ఆ కాగితంలోనే అద్దం చుట్టి ఇచ్చేయాల్సి వచ్చేది. అందుకే నాన్న చదివిన సైన్సంతా సగం సగమే.

"ఆక్టోపస్‌కి మూడు గుండెలుంటాయట" అనేవాడు అన్నం ముందు కూర్చుని.

"మూడెందుకు నాన్నా?"

"అది తర్వాతి పేజీలో ఉందమ్మా. ఎవరో బాత్రూం అద్దంతో పాటు పట్టుకుపోయారు."

"ఒక్క గుండె ఉన్న మనిషితోనే వేగలేక చస్తున్నా, ఇంకా మూడా!" అని అమ్మ గొణిగేది. అయినా వినేది. చేతిలో గరిటెతో నిలబడి మరీ వినేది.

నేను వెళ్లేసరికి అమ్మ నాన్న గదిలో మంచం మీద కూర్చుని ఉంది. ఎదురుగా కిటికీ పక్కన నాన్న మెత్తటి కుర్చీ ఉంది. మిగతా ఇల్లంతా ఎప్పటిలాగే మెరిసిపోతోంది. ఆ గది గుమ్మం దగ్గర మాత్రం గీత గీసినట్టు శుభ్రం ఆగిపోయింది. అవతల బీరువా మీద, కిటికీ ఊచల మీద, కుర్చీ చేతుల మీద బూడిదరంగు దుమ్ము మందంగా పేరుకుంది. నా వేలు దానంతటదే బీరువా మీదికి పోయింది.

"ముట్టుకోకే!" అని అమ్మ అరిచింది. ఆ అరుపు దగ్గులోకి దిగింది. ఛాతీలోంచి వచ్చే పిల్లికూతలు గుమ్మం దాకా వినపడ్డాయి.

దగ్గు తగ్గాక అసలు సంగతి చెప్పింది. పోవడానికి కొద్ది రోజుల ముందు నాన్న కొట్లోంచి ఒక చిరిగిన పేజీ తెచ్చాడట. మనిషి ఒంటి మీది చర్మం కంటికి కనపడకుండా రోజూ రాలుతూనే ఉంటుందని, ఇంట్లో దుమ్ములో కలిసేది అదేనని అందులో రాశారు. నాన్న అది చదివి వినిపిస్తున్నప్పుడు అమ్మ ఈ గదే ఊడుస్తోంది.

"'ఒసేయ్, ఇన్నేళ్లుగా నన్ను రోజూ ఊడ్చి బయట పారేస్తున్నావన్నమాట' అన్నారు. 'అంత బాధైతే రాలకుండా కూర్చోండి' అన్నాను. ఇద్దరం ఒకటే నవ్వు" అంది అమ్మ. "ఆయన పోయాక, వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక ఇల్లు ఊడుస్తున్నానా... హాలు అయింది, వంటిల్లు అయింది. ఈ గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఆ మాట గుర్తొచ్చింది. ఇక చెయ్యి ఆడలేదే. హాల్లో ఉన్న మీ నాన్నని అప్పటికే పారేశాను."

ఏమనాలో తోచనప్పుడు నాకు కోపమే దిక్కు. "పిచ్చిమాటలు మాట్లాడకమ్మా. దుమ్మంటే దుమ్మే" అన్నాను.

"కాసేపు కూర్చో. ఎండ రానీ" అంది.

మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి ఏటవాలుగా కుర్చీ మీద పడింది. అమ్మ లేచి వెళ్లి, నిద్రపోతున్న మనిషిని లేపినట్టు, కుర్చీ వీపు మీద మెల్లగా తట్టింది. దుమ్ము లేచింది. తలుపులూ కిటికీ అద్దాలూ మూసి ఉన్నాయి, గాలి కదలడం లేదు. లేచిన దుమ్ము ఎండలో మెరుస్తూ, కూర్చున్న మనిషి ఎత్తున నెమ్మదిగా తిరుగుతూ నిలిచింది. అందులో నాకు ఒక భుజం కనిపించింది. అద్దాలు కోసీ కోసీ ఓ పక్కకి వాలిపోయిన నాన్న కుడి భుజం.

"లేచారు" అంది అమ్మ. ఇక కాఫీ పెడతాను అన్నంత మామూలుగా అంది. ఆ తర్వాత ఆ వెలుగులోకి ముఖం పెట్టి, కళ్లు మూసుకుని, గుండెల నిండా ఊపిరి పీల్చింది.

నేను ఆవిడ రెక్క పట్టుకుని హాల్లోకి లాక్కొచ్చాను. కోపం వల్లే లాగాననుకున్నాను. నిజానికి నాకు భయమేసింది.

మర్నాడు ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన గొట్టంలోకి ఊదించి, ఎక్స్‌రే చూసి, నావైపు తిరిగాడు. "ముందు ఆ గది శుభ్రం చేయించండి. ఇంకొన్నాళ్లు ఆ దుమ్ములో కూర్చున్నారంటే ఊపిరి అందదు. అప్పుడు నేను కూడా ఏమీ చెయ్యలేను."

"డాక్టరుగారూ, లోపలికి పోయిన దుమ్ము ఏమవుతుందండీ?" అని అమ్మ అడిగింది.

డాక్టరు ముచ్చటపడ్డాడు. "చాలావరకు దగ్గులో బయటికి వచ్చేస్తుందమ్మా. మరీ సన్నటిది కొంత లోపలే ఉండిపోవచ్చు."

"ఉండిపోతుందా? ఎన్నాళ్లు?"

"ఒక్కోసారి ఏళ్లతరబడి. మీరు సైన్సు బాగా చదువుతారనుకుంటా?"

"మా ఆయన చదివేవారండీ. నేను వినేదాన్ని" అంది అమ్మ. నాన్న పోయాక ఆ ముఖంలో వెలుగు చూడటం నాకదే మొదటిసారి.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఫోన్ తీసి, దుమ్ము గురించి దొరికినదంతా చదివాను. నాన్నకి దొరకని సగం అందులో ఉంది. "ఇదిగో విను. దుమ్ములో మన చర్మం కొంచెమేనట. మిగతాదంతా బయట్నుంచి వచ్చిన మట్టి, బట్టల పీచు, వంటింటి పొగ. ఉన్న ఆ కాస్త చర్మాన్నీ తినే పురుగులు కూడా అందులోనే ఉంటాయట. నువ్వు పీల్చేది నాన్నని కాదు, వీధిని" అన్నాను. కాస్త కసిగానే అన్నాను.

"ఎంత ఉంటే అంతే చాలు" అంది అమ్మ, కిటికీలోంచి బయటికి చూస్తూ. "బతికున్నప్పుడు మాత్రం మొత్తం మనిషి నాకు దక్కారా ఏంటి? పొద్దస్తమానం ఆ కొట్లోనే."

తర్వాతి రోజు అన్నం తింటుండగా అమ్మకి ఊపిరి ఆడలేదు. పెదాలు నీలంగా మారాయి. తమ్ముడూ నేనూ ఆసుపత్రికి మోసుకెళ్లాం. ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు. గండం గడిచిందని చెప్పాక, తమ్ముణ్ని అక్కడ ఉంచి నేను ఇంటికి వచ్చేశాను. ఎవర్నీ అడగలేదు.

హోటల్లో నేర్చిన పని నేర్చినట్టే చేశాను. ముక్కుకి గుడ్డ కట్టుకుని, పైనుంచి కిందికి, లోపలి మూల నుంచి గుమ్మం వైపుకి. పొడి చీపురు పనికిరాదు, తడిగుడ్డే. బీరువా, ఊచలు, మంచం కోళ్లు, చివరికి కుర్చీ. తడి తగలగానే దుమ్ము లేవడానికి వీల్లేక నల్లగా గుడ్డకి అంటుకుంది. "ఏమనుకోకు నాన్నా" అని పైకే అనేశాను. వీపు వైపు ఎవరో నిలబడి చూస్తున్నట్టనిపించింది. తిరిగి చూడలేదు. బకెట్లో చిక్కబడ్డ నీళ్లని కూడా చూడకుండానే బాత్రూంలో పారబోశాను.

అయ్యాక గుమ్మంలో నిలబడి, అలవాటుకొద్దీ గదినంతా పరీక్షగా చూశాను. ఎవరూ ఎప్పుడూ ఉండని గదిలా ఉంది. నా ఉద్యోగంలో ఇంతకంటే మెప్పు లేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది, కూర్చుని ఏడ్చాను.

అమ్మ ఇంటికి వచ్చింది. శాపనార్థాలు పెడుతుందనుకుని సిద్ధపడి ఉన్నాను. పెట్టినా బాగుండేది. గుమ్మం దగ్గర కాసేపు ఆగి, లోపలికి నడిచి, మంచం మీద కూర్చుంది. ఎండ వచ్చేదాకా అలాగే చూసింది. వచ్చాక లేచి, కుర్చీ వీపు మీద తట్టింది. ఏమీ లేవలేదు. మళ్లీ తట్టింది. ఒట్టి ఎండ.

"మంచి పనే చేశావు. నేనైనా ఇంత బాగా చెయ్యలేను" అంది.

"తప్పలేదమ్మా. నువ్వు కూడా దక్కవేమోనని..."

"తెలుసులేవే. నాకేం కోపం లేదు." అంటూనే నాన్న కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలో ఆవిడ కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. "పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ గదిలోనే కదా ఇద్దరం. ఆయనా రాలారు, నేనూ రాలాను. ఏది ఆయనో, ఏది నేనో ఎవరు విడదీస్తారు? ఆయనొక్కర్నే పారబోశాననుకుంటున్నావేమో పిచ్చిదానా. నన్ను కూడా పారబోశావు."

నేను ఎదురుగా మంచం మీద కూలబడ్డాను.

"పోనీలే" అంది, నన్ను ఓదారుస్తున్నట్టు. "ఆయన్ని ఒంటరిగా పంపలేదు. ఆయన వెంట నేనూ వెళ్లాను."

కుర్చీలో వెనక్కి వాలింది. ఊపిరి తేలిగ్గా తీస్తోంది, పిల్లికూతలు లేవు, పెదాలకి రంగు వచ్చింది. డాక్టరు చూస్తే సంతోషించేవాడు. ఎండ నిండుగా ఆవిడ మీద పడుతోంది. ఎదురుగా కూర్చుని చూస్తున్న నాకు మాత్రం, ఆ కుర్చీ ఖాళీగా ఉన్నట్టే అనిపిస్తోంది.

"అమ్మా" అని పిలిచాను.

పలకడానికి చాలాసేపు పట్టింది.