వేగులగుట్ట కుట్రలు

ఉడుమలపాళెం మునసబు తిరుమలయ్య తనను గొడ్లకొట్టం వెనక్కి రమ్మని కబురు పంపినప్పుడు, తేనె అడుగుతాడేమో అనుకుని మునస్వామి చిన్న ముంత ఒకటి చంకన పెట్టుకుని వెళ్ళాడు. మునసబుకు తేనె అక్కర్లేదు. ఆయన కొట్టం చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, గొడ్లు తప్ప ఎవరూ లేరని నిమ్మళించి, గొంతు తగ్గించాడు.

"నీకు తలారి పని ఇప్పిస్తా. మీ వేగులోళ్ళలో ఇంతవరకూ ఎవురికీ సర్కారు పని రాలేదు గదా. దానికి నువ్వొక సాయం సెయ్యాల."

"సెప్పండి సామీ."

"మీ గుట్టమింద ఎవురేం మాట్లాడుకుంటా ఉండారో నాకొచ్చి సెప్పాల. ఎవురొస్తా ఉండారు, ఎవురు యాడికి పోతా ఉండారు, ఏం కుట్ర జరగతా ఉండాది, అంతా."

మునస్వామి ముంతను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నాడు. తల ఊపాడు.

వేగులోళ్ళ పెద్దలు పాళెగాళ్ళ కాలంలో కోటకు వేగు నడిపినవాళ్ళు. ఎండుటాకుల మీద చప్పుడు కాకుండా నడవడం, నిటారుగా ఉన్న బండను ఎగబాకడం, పిట్టల కూతలతో ఒకరికొకరు కబురు చెప్పుకోవడం వాళ్ళ విద్య. ఆ కోట కుంపిణీ వాళ్ళకు చిక్కినరోజు లోపలి గడియ తీసింది వేగులవాడే అని ఊరు నమ్మింది. తాము కాదని వేగులోళ్ళు అన్నారు. కళ్ళతో చూసినవాళ్ళు ఎప్పుడో చనిపోయారు గాని, మాట మాత్రం తాతల నుంచి మనవలకు దిగుతూ వచ్చింది.

ఇప్పుడు ఆ విద్యంతా కొండచరియల్లో తేనెపట్లు కొయ్యడానికే పనికొస్తోంది. అయినా కట్టుబాట్లు మారలేదు. ఊరి చావడిలో వేగులోళ్ళు కూర్చోకూడదు, బయట ఎండలో నిలబడి వినాలి. ఊరంతా తోడుకున్నాకే వాళ్ళ ఆడవాళ్ళు బావి దగ్గరికి రావాలి. పిల్లలకు బడి లేదు. పొద్దుగూకితే ఊరి వీధుల్లో కనబడకూడదు. ఎవరింట్లో కోడి తప్పిపోయినా ముందు గుట్టవైపే చూస్తారు. ఆ కోడి సాయంత్రం గడ్డివాములోంచి లేచి వచ్చినా, గుట్టవైపు చూసినవాళ్ళెవరూ సిగ్గుపడరు.

ఆ ఏడు, అంటే పందొమ్మిది వందల నలభై రెండులో, ఎండలు ముదిరేసరికి జపాను వాళ్ళు బాంబులు వేస్తారని చెన్నపట్నం సగానికి సగం ఖాళీ అయింది. మునసబు బావమరిది ఏకాంబరం హార్బరులో గుమాస్తా. అతను పెట్టెలతో, పరుపుచుట్టతో, మడత కుర్చీతో చిత్తూరు దాకా రైల్లో, అక్కణ్ణుంచి బస్సులో దిగాడు. వచ్చిన రోజే అరుగు మీద కుర్చీ వేసుకుని ఊరివాళ్ళకు యుద్ధం సంగతులు చెప్పాడు.

"జపానోడు నడిస్తే సప్పుడే కాదు బావా. రబ్బరు జోళ్ళు ఏసుకుంటాడు. సెట్టెక్కతాడు, గోడెక్కతాడు. వాడు దిగకముందే ప్రతి ఊళ్ళోనూ వాడికి కావాల్సినోళ్ళు తయారుగా ఉంటారంట." అని గుట్టవైపు తలెత్తి చూసి, "ఆ గుట్టమింద ఉండేదెవురు?" అని అడిగాడు.

మునసబుకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మునస్వామికి కబురు వెళ్ళింది అందుకే.

సాయంత్రం గుట్ట మీద ఇంట్లో తల్లి తాయమ్మ సంగటి కెలుకుతుంటే, తండ్రి పెంచలయ్య తాడు పేనుతుంటే, మునస్వామి జరిగిందంతా చెప్పేశాడు. అతని భార్య సుబ్బులమ్మ ఊరిబిండి పచ్చడి నూరుతున్న చెయ్యి ఆపింది.

"ఒప్పుకుంటివా?" అని అడిగింది తాయమ్మ.

"ఒప్పుకోకుంటే ఇంకొకర్ని పిలస్తారమ్మా. వాడు మనకొచ్చి సెప్తాడో లేదో."

పెంచలయ్య వేగులోళ్ళకు పెద్ద. నెమ్మదస్తుడు, అబద్ధం చేతకాని మనిషి. ఆయన తాడు పక్కన పెట్టి, "మన కాడ కుట్రలేం ఉండాయిరా సెప్పేదానికి? మొన్న మీ చిన్నాయన చిన్నబ్బ మేకను మన సేన్లోంచి తరిమినా. అది సెప్పు" అన్నాడు.

"అది కుట్ర గాదు నాయనా."

"ఏమీ లేదంటే దాస్తా ఉండాడంటారు," అంది సుబ్బులమ్మ.

తాయమ్మ తెడ్డు గిన్నెకు తట్టి పైకి తీసింది. ఆమె ముఖంలో ఏదో వెలుగు కనబడింది.

"బావి కాడికి పొయ్యే దోవలో కంపలుండాయే, వాటి గురించి సెప్పు. ఆ కంపల్లో ఎంతమందైనా దాక్కోవచ్చని మావోళ్ళు సంతోషపడతా ఉండారని సెప్పు. నా కోకలన్నీ వాటికి తగులుకోని సినిగిపాయె."

మర్నాడు మునస్వామి ఆ మాటే చెప్పాడు. ఆ మర్నాడు మునసబు పాలేర్లు కత్తులు తెచ్చి దోవ పొడుగునా కంప కొట్టేశారు. తాయమ్మ కడవ చంకనెత్తుకుని వచ్చి, "అయ్యో, అంత సాటుగా ఉన్నిందాన్ని కొట్టేస్తిరే" అని వాళ్ళ ముందు దిగులుపడింది. ఆ దిగులు కూడా మునసబుకు చేరింది. ఆయన తృప్తిగా మీసం దువ్వుకున్నాడు.

తర్వాత బావి. అందరూ వెళ్ళిపోయాక నీళ్ళు తోడుకోవడం వేగులోళ్ళకు మహా ఇష్టమనీ, ఆ వేళకు అక్కడ ఎవరూ ఉండరు గనుక ఏం కావాలన్నా మాట్లాడుకోవచ్చుననీ మునస్వామి చెప్పాడు. ఇకమీదట గుట్ట ఆడవాళ్ళు ఊరి ఆడవాళ్ళతో పాటే రావాలని మునసబు హుకుం చేశాడు. ఊరి ఆడవాళ్ళు మొదట మూతులు ముడుచుకున్నారు. మునసబు భార్య తిరుమలమ్మ తన కడవను ఎడంగా జరుపుకుంది. కాని గుట్ట ఆడవాళ్ళ మాటలు వినిపెట్టమని ఆమె మొగుడే పురమాయించాడు. వినాలంటే దగ్గరికి జరగాలి. జరిగితే తాయమ్మ ఊరుకునే రకం కాదు. వారం తిరిగేసరికి తిరుమలమ్మ తన మోకాళ్ళ నొప్పి సంగతి తాయమ్మకు చెబుతోంది.

మూడో కుట్ర సుబ్బులమ్మది. మునస్వామి దాన్ని మునసబుకు ఇలా అప్పజెప్పాడు: "మా బిడ్డోళ్ళు పిట్టబాసలో మాట్లాడుకుంటారు. బడికి పోతే అచ్చరాలొచ్చి ఆ బాస మర్సిపోతారని మావోళ్ళకు శానా బయం. బడి లేకపోవడమే మేలనుకుంటా ఉండారు." బావ నోట ఇది విని ఏకాంబరం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ సోమవారమే బడి అయ్యవారికి ఆజ్ఞ అందింది. గుట్ట పిల్లలందరినీ చేర్చుకోవాలి, ముందు వరసలో కూర్చోబెట్టి కనిపెట్టాలి.

పిల్లలు నూనె పెట్టి దువ్విన తలలతో గుట్ట దిగి వెళుతుంటే మునస్వామి బండ మీద నిలబడి చూశాడు. సంతోషంగానే ఉంది. ఆ మధ్యాహ్నం మునసబు అతన్ని కొట్టం వెనక్కి పిలిచి, మెచ్చుకోలుగా నవ్వి, "మీ వాళ్ళందర్లో నువ్వొక్కడివే మంచోడివిరా" అన్నాడు. ఆ మాట మునస్వామిని ఇంటిదాకా వదల్లేదు. ఇంటికొచ్చి సంగటి ముద్ద ముట్టుకోలేదు.

"ఏమైంది నాయనా?" అంది తాయమ్మ.

"నేను అబద్దం సెప్తే ఎదురడగకుండా నమ్మతా ఉండాడమ్మా. నాయన బతుకంతా నిజమే సెప్పినాడు. ఒక్కటైనా నమ్మినారా?"

తాయమ్మ కొడుకు పక్కన కూర్చుని ముద్ద కలిపి చేతిలో పెట్టింది. "నమ్మకుంటే ఎట్లారా. నేనంత కష్టపడి సేసిన అబద్దాలు" అంది. మునస్వామికి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ముద్ద తిన్నాడు.

చావడిలో చోటు దక్కడం అన్నిటికన్నా తేలికగా జరిగింది. బయట నిలబడితే ఎవరి ముఖమేమిటో లోపలివాళ్ళకు తెలియదు, అదే తమకు మేలని పెంచలయ్య అంటున్నాడని మునస్వామి చెప్పాడు. పెంచలయ్య అలాంటి మాట పుట్టాక అనలేదు. తర్వాతి కూటానికి మునసబు ఆయన్ని లోపలికి పిలిపించి తన ఎదురుగా చాప మీద కూర్చోబెట్టాడు. ఇంటికొచ్చాక, "ఎట్లుండె?" అని తాయమ్మ అడిగితే, "సల్లగుండె" అన్నాడు పెంచలయ్య.

ఈలోగా గుట్ట మీద కుట్రలు అల్లడం పెద్ద వేడుకైంది. సంగటి వేళకు ఇరుగుపొరుగు తాయమ్మ వాకిట్లో చేరి, తలా ఒక కుట్ర తెచ్చేవాళ్ళు. తాయమ్మ విని బాగోగులు చెప్పేది. పనికొచ్చేది ఒకటి ఉంటే పనికిరానివి పది. పెంచలయ్య తమ్ముడు చిన్నబ్బ చెప్పినవి ఒక్కటీ ఆమెకు నచ్చలేదు.

"అద్దం పట్టి జపాను ఇమానానికి సైగ సేస్తా ఉండామని సెప్పండి," అన్నాడు ఒకరోజు.

"దానివల్ల మనకేం వస్తాదయ్యా?" అంది తాయమ్మ.

"ఏమొస్తాదో నాకేం తెలుసు. బాగుండాది గదా."

"వద్దు. అది పెద్ద మాట. తలకాయలు పోతాయి."

చిన్నబ్బ అలిగాడు. మూడోనాడు తేనె అమ్ముకుని వస్తుండగా దోవలో ఏకాంబరం కనబడి, గుట్ట సంగతులేమిటని ఊరికే అడిగాడు. చిన్నబ్బ ఛాతీ విరుచుకుని, అద్దం సంగతి చెప్పేశాడు. ఆ మాట విన్న ఏకాంబరం ముఖం తెల్లగా పాలిపోయింది. అతను పరుగులాంటి నడకతో ఇంటికి పోయి, మర్నాడు పొద్దున్నే చిత్తూరు వెళ్ళి పోలీసులను వెంటబెట్టుకు వస్తానని ప్రకటించాడు.

గుట్ట మీద ఆ సాయంత్రం ఎవరూ నవ్వలేదు. పోలీసులు వస్తే ఏమవుతుందో పెద్దవాళ్ళకు తెలుసు. మగవాళ్ళను తోలుకుపోతారు, గుడిసెలు పీకి వెతుకుతారు. చిన్నబ్బ ఒక మూల కూర్చుని మోకాళ్ళ మధ్య తల దూర్చుకున్నాడు. మునస్వామి మునసబు ఇంటికి పరుగెత్తి, ఇన్నాళ్ళూ తాను చెప్పినవన్నీ కల్పితమని చెప్పాడు. మునసబు చల్లగా విన్నాడు.

"మీవోళ్ళు నిన్ను బెదిరించినారా?" అన్నాడు.

"లేదు సామీ. నిజం సెప్తా ఉండా."

"బెదిరించినారు. నీ మొకం సూస్తేనే తెలస్తా ఉండాది."

పొద్దున్నే మునసబు చావడిలో కూటం పెట్టించాడు. ఏకాంబరం గొడుగు పట్టుకుని బస్సు వేళ చూసుకుంటూ నిలబడ్డాడు. పెంచలయ్య తన చాప మీద కూర్చున్నాడు. అందరూ వచ్చాక లేచాడు. చావడి లోపల నిలబడి వేగులవాడు మాట్లాడటం ఆ ఊరు అంతవరకు చూడలేదు.

"నేనొక మాట సెప్తా అయ్యా. కంపల్లో దాక్కునేది, బావి కాడ గుసగుసలు, పిట్టబాస, ఇదంతా నా పెండ్లాం సంగటి కెలకతా సేసిన కుట్రలు. అద్దం మాట మాత్రం మా తమ్ముడిది. వాడికంత బుద్ది లేదు. మా గుట్టమింద ఉండేది ఒకటే అద్దం, మా కోడలిది, అరసేతంత. దాంట్లో ఆ బిడ్డ మొకమే సగం కనపడతాది."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకి, బయట నిలబడ్డ ఆడవాళ్ళ దాకా వెళ్ళింది. తిరుమలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మునసబు మాత్రం నవ్వలేదు.

"ఇది గూడా కుట్రే బావా. నేను బయల్దేరతా ఉండా," అన్నాడు ఏకాంబరం.

"ఎల్లు నాయనా," అన్నాడు పెంచలయ్య. "పోలీసోళ్ళు మమ్మల్ని కొడతారు, అది మాకు కొత్త గాదు. కొట్టి అడగతారు. ఈ జపానోళ్ళ మనుసులకు దోవ సదును సేయించిందెవురు, బిడ్డల్ని బడిలో సేర్పించిందెవురు, సావడిలో తీసుకొచ్చి ముందర కూసోబెట్టిందెవురు అని. అప్పుడు మేం ఎవురి పేరు సెప్పాల మునసబు సామీ? నీ పేరు తప్ప మాకు ఇంగొక పేరు తెలీదే."

ఆయన బెదిరించడానికి ఆ మాట అనలేదు. నిజంగానే తెలియక అడిగాడు. మునసబు తిరుమలయ్య బావమరిది వైపు తిరిగాడు.

"బస్సు ఎల్లిపోయుంటాది. కూసో," అన్నాడు.

"ఇంకా రాలేదు బావా."

"ఎల్లిపోయింది. కూసో."

కూటం ముగిశాక మునసబు మునస్వామిని పక్కకు పిలిచాడు. ఈసారి గొడ్లకొట్టం వెనక్కి తీసుకుపోలేదు, అందరూ చూస్తుండగానే నిలబెట్టాడు. "నన్ను మోసం సేసినావు గదరా," అన్నాడు. ఆయన గొంతులో కోపం కన్నా చిన్నబుచ్చుకోవడం ఎక్కువ వినబడింది.

"ఎవురినో ఒకర్ని సెయ్యమంటివి గదా సామీ," అన్నాడు మునస్వామి. "మావోళ్ళను మోసం సేసేదానికి నాకు సేతగాలేదు."

మునసబు కండువా దులిపి భుజాన వేసుకుని ఇంటిదారి పట్టాడు. తలారి పని మునస్వామికి రాలేదు. వానలు పడేసరికి చెన్నపట్నంలో భయం తగ్గి, ఏకాంబరం పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోయాడు. గుట్టవైపు అనుమానంగా చూసేవాళ్ళు ఇంకా ఉండనే ఉన్నారు. కోడి తప్పిపోతే వాళ్ళ కళ్ళు అటే తిరిగేవి. కాని తీసేసిన కట్టుబాట్లను మళ్ళీ ఎందుకు పెట్టాలో చెప్పే మాట మునసబుకు దొరకలేదు. పిల్లలు బడికి పోతూనే ఉన్నారు. బావి దగ్గరికి తాయమ్మ రాకముందే నీళ్ళు తోడుకుని వెళ్ళిపోతే, ఆ రోజంతా ఏదో వెలితిగా ఉందని తిరుమలమ్మ అనేది.

సంక్రాంతి పోయాక వంక నీళ్ళ గురించి కూటం జరిగింది. పై పొలాలకు ముందు పారించాలా, కింది పొలాలకా అని జగడం. అందరూ ఒకేసారి అరిచి అలిసిపోయారు. పెంచలయ్య ఎప్పట్లాగే చాప మీద చేతులు కట్టుకుని వింటున్నాడు. మునసబు తిరుమలయ్య చుట్టూ చూసి, చివరికి ఎదురుగా ఉన్న మనిషి మీద చూపు నిలిపాడు.

"పెంచలయ్యా, నువ్వేమంటావు?"

పెంచలయ్య వెనక్కి తిరిగి చూశాడు, ఆ పేరు గలవాడు ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. తన అభిప్రాయం ఎవరైనా అడుగుతారని ఆయన ఎన్నడూ అనుకోలేదు, అందుకే ఒకటి సిద్ధం చేసుకుని పెట్టుకోలేదు.

"ఆలోసించి సెప్తా సామీ," అన్నాడు, పంచె సవరించుకుంటూ. "రేపు దాకా గడువియ్యండి."

"సరే," అన్నాడు మునసబు. ఊరంతా మర్నాటి దాకా ఆగింది.