పొట్ట కింద పసుపు ముద్ద

అవతల పెన్న హైవేను తెంపి లారీలను రోడ్డు మీదే నిలబెట్టింది. ఇవతల స్వర్ణముఖి కట్టలెక్కి వాకాడు పల్లెల్లోకి వచ్చింది. ఆ వరదకు రెండో ఏడు జరిగిన సంగతి ఇది.

ఆ వరదలోనే ముత్యాలయ్య పని కూడా కొట్టుకొని పోయింది. ఆయన పుట్టింది కొడవలూరు కాడ వరి పండించే ఇంట్లో. భూమి చేతులు మారినాక సముద్రం వైపు వచ్చి, రొయ్యల గుంటలకు కాపలా కుదిరి, అక్కడే ముసలివాడైనాడు. వరదకు గుంటల గట్లు తెగిపోతే ఆసామి మళ్ళా వాటి జోలికి పోలేదు. ముత్యాలయ్య ఇంట్లో కూర్చున్నాడు. మనిషి కూర్చున్నాడు గానీ కాపలా బుద్ధి కూర్చోలేదు. వాకిట్లో ఎవరు నడిచినా ముందు వాళ్ళ కాళ్ళు చూసేవాడు. ఏ బురదలో తిరిగి వచ్చినారో లోపల్లోపలే లెక్క కట్టేవాడు. నోరు మాత్రం విప్పేవాడు కాదు.

కొడుకు పని మీద ఊర్లు తిరుగుతాడు. కోడలు రేవతి టైలరింగు షాపులో పని చేస్తుంది. ఒకసారి నెల్లూరు పోయి ఒక గాజు తొట్టి, దాన్లోకి ఎర్ర రొయ్యలు కొని తెచ్చింది. తినేవి కావు. ఎంత పెరిగినా చిటికెన వేలి కణుపు దాటవు. పండు మిరపకాయ రంగు. ఊరికే చూసుకొనేదానికి. ఇంట్లోనే పిల్లలు పెడతాయని, చూస్తుండగానే తొట్టి నిండిపోతుందని అమ్మినవాడు చెప్పినాడంట. తొలి పిల్లలు నాకంటే నాకని షాపులో ఆడోళ్ళు అప్పుడే కొట్లాడుకుంటున్నారని రేవతి నవ్వుతా చెప్పింది. పొద్దంతా ఇంట్లో ఉండేది నువ్వే కదా మామా, నువ్వే చూసుకోవాలని ఆయనకు అప్పజెప్పింది.

దాంతో ముత్యాలయ్యకు మళ్ళా ఉద్యోగం వచ్చినట్టయింది. గుంట కాడ ఎట్ల చేసినాడో ఇక్కడా అట్లనే చేసినాడు. నీళ్ళు బక్కెట్లో ఒక దినం నిలబెట్టి పోసేవాడు. మేతను సీసా మూతలో పెట్టి దించేవాడు. తిన్నాయో, మిగిల్చినాయో చూసుకొని మరుసటి పూట పెంచేవాడు, తగ్గించేవాడు. తొట్టి పక్కన స్టూలు మీద ఒక చెంబు పెట్టి పొటాషు కలిపిన ఊదా రంగు నీళ్ళు పోసినాడు. రోగం లోపలికి రాకుండా గుంటల కాడ చేతులూ కాళ్ళూ ముంచే నీళ్ళు అవి.

ముందు గదిలో క్రీస్తుదాసు, అతని భార్య కరుణ బాడుగకుండేవాళ్ళు. క్రీస్తుదాసు రొయ్య పిల్లను పుట్టించే హేచరీలో పని చేస్తాడు. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, తొట్టి ముందర గొంతుకూర్చొని, సెల్లు లైటు వేసి చూస్తాడు. అతను గడప తొక్కితే చాలు, ముత్యాలయ్య చెంబు వైపు గడ్డం ఆడించేవాడు. అతను మాట్లాడకుండా చెయ్యి ముంచేవాడు. అయినా ఈయన మనసు కుదుటపడేది కాదు. హేచరీలో ఒక ట్యాంకులో పుట్టిన రోగం పిల్లతో పాటే సంచుల్లో ఎక్కి వచ్చి, నిలువునా గుంటలను తుడిచిపెట్టడం ఆయన కళ్ళారా చూసినాడు. ఆ నీళ్ళల్లో పొద్దంతా ఉండే చెయ్యి ఇది.

అనుకొన్నట్టే అయింది. ఒకనాడు మధ్యాహ్నం అన్నిటికంటే పెద్ద రొయ్య గాజు దగ్గరకు వచ్చింది. దాని పొట్ట కింద పసుపు ముద్ద. రాగిగింజలు పేర్చినట్టు గుత్తిగా అంటుకొని ఉంది. ఆయన చూసిన గుంటల్లో ఏ రొయ్యకూ అట్లాంటిది లేదు. తెల్లమచ్చ తెలుసు, తోక ఎర్రబారేది తెలుసు, మొప్పలు నల్లబడేది తెలుసు. ఇది కొత్త రోగం.

రోగం రొయ్యను చూస్తే ఆగకూడదు. ఒకదాన్ని తీసేస్తే మిగతావి బతుకుతాయి. టీ వడగట్టే జాలీతో దాన్ని ఎత్తి, పెరట్లో మునగచెట్టు కింద గుంత తీసి, పైన బ్లీచింగు చల్లి పూడ్చినాడు. రేవతికి చెప్పలేదు. చెప్తే కోడలు బెంగ పెట్టుకొంటుంది అనుకొన్నాడు. కొన్నాళ్ళకు ఇంకో దానికి వచ్చింది. ఆ తర్వాత మరో దానికి. అన్నీ పెద్దవే, మంచి రంగు పట్టినవే. అన్నీ మునగచెట్టు కిందికే పోయినాయి.

రేవతి సాయంత్రం వచ్చి తొట్టి చూసి మొగం చిన్నబుచ్చుకొనేది. పెద్దవి కనపడటం లేదని, పిల్లల జాడే లేదని అనేది. కొన్నాళ్ళకు ఆ మాట ఇంకో దారి పట్టింది. మనం నిద్రపోయినాక ఎవరన్నా తీసుకొని పోతున్నారా మామా అని అడిగింది. అడుగుతా ముందు గది వైపు చూసింది. తీస్తుండేది తానేనని ముత్యాలయ్యకు తెలుసు. అయినా ఆమె చూపును ఆయన మళ్ళించలేదు. దొంగ కాకపోయినా అన్నిటికీ మూలం వాడే కదా అనుకొని, "చూస్తుండా" అని మాత్రం అన్నాడు.

చూస్తూనే ఉన్నాడు. ఒక ఆదివారం క్రీస్తుదాసు చర్చి నుంచి వచ్చి, అటూ ఇటూ చూసి, జేబులోంచి కాగితం పొట్లం తీసి తొట్టిలో ఏందో వేసినాడు. అతను పోయినాక ముత్యాలయ్య వంగి చూసినాడు. ఎండిన ఆకు ముక్క. సాయంత్రానికి నీళ్ళు టీ డికాక్షను మాదిరి తిరిగినాయి. అంతే. ఆ రాత్రే కరుణను పిలిచి నెలాఖరుకు గది ఖాళీ చేయమన్నాడు. ఎందుకని ఆమె రెండుసార్లు అడిగింది. ఆయన లోపలికి పోయినాడు. అక్కడికి దగ్గర్లో వాళ్ళకు ఇల్లిచ్చేవాళ్ళు లేరు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

మరుసటి సాయంత్రం మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వచ్చి హాల్లో నిలబడినారు. బాడుగ ఏ నెలా ఆపలేదని, గొడవ పెట్టుకొన్నది లేదని, మరి ఏం తప్పు జరిగిందో చెప్పమని క్రీస్తుదాసు నెమ్మదిగానే అడిగినాడు. ముత్యాలయ్య గోడ వైపు చూస్తా కూర్చున్నాడు. రేవతి ఉండబట్టలేక అనేసింది.

"పెద్ద రొయ్యలు ఏమైనాయో నువ్వే చెప్పాలన్నా."

క్రీస్తుదాసు మొగం నల్లబడింది. "నన్నా అడిగేది? మీరే ఎవరికో ఇస్తుండారని నేననుకొన్నా చెల్లెమ్మా. రోజూ లక్షల పిల్లను చేతులతో ఎత్తి పోసేవాడిని. ఈ నాలుగు రొయ్యలు దొంగిలిస్తానా?"

అప్పుడు లేచినాడు ముత్యాలయ్య. "దొంగతనం కాదు, రోగం" అన్నాడు. లోపలికి పోయి స్టీలు గ్లాసు తెచ్చి అతని ముందర పెట్టినాడు. ఆ పొద్దున ఎత్తి, సాక్ష్యానికని పూడ్చకుండా ఉంచిన రొయ్య దాంట్లో ఉంది. "నువ్వు తెచ్చిందే. ఆకు వేసేది కూడా చూసినా."

"అది బాదం ఆకు పెద్దాయనా. ఈ రొయ్యలు ఇష్టంగా గీక్కొని తింటాయి. అడిగితే వద్దంటారని చెప్పకుండా వేసినా." అంటా క్రీస్తుదాసు గ్లాసు ఎత్తి లైటు కింద పట్టినాడు. చానాసేపు చూసినాడు. రొయ్య పొట్ట కింది కాళ్ళతో ఆ ముద్దకు విసనకర్ర విసిరినట్టు విసురుతా ఉంది.

"ఇది రోగం కాదు. గుడ్లు. కడుపుతో ఉండాది."

అతనే విడమరిచి చెప్పినాడు. గుంటల్లో పెరిగే రొయ్య అక్కడ గుడ్డు పెట్టదని, హేచరీలో ఉండే తల్లులు కూడా గుడ్లను నీళ్ళలోకి వదిలేస్తాయని, ఈ జాతి మాత్రం పిల్లలయ్యేదాకా పొట్ట కిందే మోస్తుందని. గుంట కాడ ఎన్నేళ్ళున్నా ఇది కంటపడేది కాదని.

"అయితే మిగతావి?" అని రేవతి మామ వైపు తిరిగింది. ఆయన కళ్ళు పెరటి తలుపు మీద ఉన్నాయి. ఆమెకు అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది.

పోనీలే, తెలియక చేసినాడు అని క్రీస్తుదాసు అనబోయినాడు. కరుణ ఆపింది. ఆమె చూపు స్టూలు మీది చెంబు మీద ఉంది.

"పాలామె వచ్చి ఈడే క్యాను దించుతుంది. కరెంటు మీటరు చూసేవాడు వస్తాడు. మీ కొడుకు ఊరంతా తిరిగి వస్తాడు. ఎవురి చేతులూ ముంచమనింది నేను చూళ్ళేదు. ఈయన చెయ్యి ఒకటే ముంచమంటారు. రోగం మా చేతుల్లోనే ఉంటాదా?"

ముత్యాలయ్య నోరు తెరిచినాడు. హేచరీ నీళ్ళు అని చెప్పాలనుకొన్నాడు. ఆ మాట సగమే నిజమని ఆయనకే అప్పుడు తెలిసింది. క్రీస్తుదాసు గ్లాసును తొట్టి నీళ్ళకు ఆనించి, రొయ్యను మెల్లగా జారవిడిచి, పెళ్ళాన్ని తీసుకొని పోయినాడు. చానాసేపటిదాకా ముందు గదిలో గిన్నెలు సర్దే చప్పుడు వినపడింది.

మరుసటి పొద్దున ముత్యాలయ్య తొట్టి నీళ్ళు పైపుతో బక్కెట్లలోకి లాగినాడు. ఇసక మునిగేంత మాత్రం ఉంచినాడు. రేవతి రాత్రి నుంచి ఆయనతో మాట్లాడలేదు. అయినా ఆయన తొట్టి ఒక కొస పట్టుకొని నిలబడితే, వచ్చి రెండో కొస పట్టింది. ఇద్దరూ అడుగులో అడుగు వేసుకొంటా ముందు గది కాడికి మోసుకొచ్చినారు.

క్రీస్తుదాసు డ్యూటీకి పోయినాడు. కరుణ గోతాంలో సామాను కుక్కుతా ఉంది. తలెత్తి ఇద్దరినీ చూసింది. ఇప్పుడేం నింద మోపను తెచ్చినారో అన్నట్టుంది ఆ చూపు.

"యాడ పెట్టమంటావమ్మా?" అన్నాడు ముత్యాలయ్య.

"మాకెందుకు? నెలాఖరుకు పోయేవాళ్ళం."

"పిల్లలయ్యేదాకా ఉండండి. నా కాడుంటే బతకవు."

"పిల్లలైనాక?"

ముత్యాలయ్య తొట్టి కొసను సర్దుకొని పట్టుకొన్నాడు. "మళ్ళా గుడ్లు పెడతాయంట కదా" అన్నాడు.

కరుణ ఆయన మొగంలోకి చూసింది, నమ్మాలా వద్దా అని. ఆఖరికి గోతాం పక్కకు జరిపి, కిటికీ ఎండ పడని మూలలో బల్ల చూపించింది. తొట్టి దించి, ముత్యాలయ్య బక్కెట్లకు వెనక్కి పోయినాడు. ఒక్కొక్కటే తెచ్చి, ఇసక లేవకుండా నీళ్ళు అరచేతి మీదుగా వదిలినాడు. ఆయన పోస్తుంటే కరుణ పక్కనే నిలబడి, ఆయన చేతులనే కనిపెట్టి చూస్తా ఉంది.