రవ్వంత ఎత్తెయ్

పాటను మిక్సింగ్ చేసేవాడికి మంచి చెవులుంటే చాలదు, ఓర్పు కూడా కావాలి. చెవులైతే నాకున్నాయి. హిందూపురంలో టైర్ల కొట్టు మీద నా స్టూడియో. విడివిడిగా రికార్డు చేసిన గొంతును, వాయిద్యాలను ఒక పాటగా కలపడం నా పని. ఏది ఎంత వినపడాలో నేను తేల్చాలా, పాడినవాళ్ళు తేల్చాలా అన్నది మాత్రం పదకొండేళ్ళుగా తెగని జగడం.

ఈ జగడంలో ధర్మవరం జయలక్ష్మమ్మ అందరినీ మించింది. పట్టుచీరలు నేసే మనిషి, అరవై దాటాయి. వాళ్ళ భజన బృందంలో ముందు గొంతు ఆమెదే, డోలక్ గఫారన్నది. ముప్పై ఏళ్ళ జత.

"మేం పోయినాంక కూడా మా ఇద్దరి జత వినపడల్ల నాయనా. ఒక్క పాట చాలు" అని వచ్చింది.

మొదటి మిక్స్ పంపగానే ఫోన్.

"చంద్రమోహనా, జరీ ఎక్కువైందప్పా. చీర యాడుండాది?"

అరగంట తల గోక్కుంటే అర్థమైంది, ఎకోలో గొంతు మునిగిపోయిందని. తగ్గించాను. రెండోసారి "నేత వదులుగా ఉండాది" అంది. బిగించాను. మూడోసారి "అంచు బాగుండాది, కొంగు యాడబాయె?" అంది. ఆ కొంగేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఏమీ మార్చకుండా అదే మళ్ళీ పంపితే, "ఇప్పుడు కుదిరింది సూడు" అని మెచ్చుకుంది.

నా అసలు చిరాకు డోలక్‌తో. పల్లవి చివర ప్రతిసారీ గఫారన్న దెబ్బ లిప్తపాటు ఆలస్యం. కంప్యూటర్ తెర మీద తాళం గీత దాటి కనపడుతుంది. తీసేద్దామా అని నేను నోరు విప్పేలోగా ఆమే ఫోన్ చేసి, "డోలక్ రవ్వంత ఎత్తెయ్యప్పా" అంది. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. మొత్తం ఎత్తేశాను. 'రవ్వంత' అన్న మాట నా మంచి చెవులకు ఎక్కనే లేదు. కంప్యూటరే వాయించే మిషన్ డోలక్ పెట్టి, ఆమె ఊపిరి తీసుకునే చోట్లు కత్తిరించి, గొంతును దానికి సర్దాను.

మరునాడు ఇద్దరూ రైలెక్కి వచ్చారు. పాట పెట్టాను. మోకాలి మీద తాళం వేస్తున్న గఫారన్న వేళ్ళు కాసేపటికి ఆగిపోయాయి.

"బాగుండాదిలే. ఇంగ నాతో ఏం పని?" అన్నాడు.

జయలక్ష్మమ్మ నా మీదికి లేచింది. "ఏమబ్బా, డోలక్ యాడ?"

"నువ్వే గదమ్మా ఎత్తెయ్యమంటివి!"

"పైకెత్తమంటి! బిడ్డను ఎత్తుకోమంటే ఎత్తుకపోతావా?"

నాకూ రోషం వచ్చింది. పాత డోలక్ తెర మీద పెట్టి, వేలితో గుచ్చి గుచ్చి చూపించాను. "ఈడ చూడమ్మా, ఈడ, ఈడ! ప్రతిసారీ ఈయప్ప లేటు."

గఫారన్న తల దించుకున్నాడు. "ఔ, లేటే."

"ఆయప్ప లేటని నీ డబ్బా చెప్తాందా? పెట్టు దాన్ని, దాంతోనే పాడతా!" అంటూ ఆమె మైకు ముందు నిలబడింది.

మిషన్ ఎవరి కోసమూ ఆగదు. పల్లవి చివర ఆమెకు ఊపిరి చాలక మాట మింగింది. మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ అక్కడే మింగింది. మూడోసారి గఫారన్న లేచి, నన్ను మిషన్ ఆపమని సైగ చేసి, నా టేబుల్ మీదే వాయించాడు. పల్లవి చివరికి వచ్చేసరికి ఆయన చెయ్యి లిప్తపాటు గాల్లో నిలిచింది. ఆమె ఊపిరి తీసుకుంది. చెయ్యి పడింది. పాట సాగిపోయింది.

నాకు చచ్చేంత సిగ్గేసింది. తప్పని నేను వేలు పెట్టి చూపిన ప్రతిచోటా ఆమె ఊపిరి ఉంది. మిషన్ డోలక్ తీసేసి, కత్తిరించినవన్నీ ఉన్నవి ఉన్నట్టు పెట్టేశాను.

ఆమె ఇంకా మైకు దగ్గరే నిలబడి ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి అన్నా?"

"నాలుగేండ్లు."

"నాకు ఒక మాట చెప్పొచ్చు గదా!"

"చెప్పింటే పాడేది నిలిపేస్తాంటివి జయమ్మా" అన్నాడు గఫారన్న.