మీటింగుకి ఆపిల్ పై

ఆపిల్ ముక్కలు మరీ పల్చగా తరిగితే ఓవెన్‌లో గుజ్జయిపోతాయి, లావుగా ఉంటే పచ్చిగా పంటికింద తగులుతాయి. అత్తగారు పదకొండేళ్ళుగా చెబుతున్న ఈ మాట ఇవాళ పొద్దున కూడా చెప్పారు. "వెన్న కరగనివ్వకమ్మా. చేతులు చన్నీళ్ళలో ముంచుకుని కలుపు." ముంచుకున్నాను. ఆకులు రాలే కాలం, కుళాయి నీళ్ళకే వేళ్ళు కొంకర్లు పోయాయి. పిండిలో వెన్న పొడిపొడిగా కలిపి, ముద్ద చేసి ఫ్రిజ్‌లో పెట్టి, పుల్లటి ఆపిల్ ముక్కలకి చక్కెర, దాల్చినచెక్క పొడి, నిమ్మరసం పట్టించాను. అడుగున ఒక పొర పరిచి, ముక్కలు నింపి, పైన ఇంకో పొర కప్పి, ఆవిరి పోవడానికి కత్తితో గాట్లు పెట్టాను. ఏడింటికల్లా ఈ ఆపిల్ పై ఓవెన్‌లోకి వెళ్ళాలి, ఎనిమిదిన్నరకి నేను బస్సెక్కాలి.

"ఇది తిన్నాక ఇంకెవరికిస్తారు? పోస్టు నీకొచ్చినట్టే," అన్నాడు మా ఆయన, తడి టవలు మంచం మీద పడేస్తూ. నిజం చెప్పొద్దూ, నేనూ అలాగే అనుకున్నాను. అదే నేను చేసిన తప్పు.

మాది తాగునీళ్ళు పరీక్షించే ల్యాబ్. తొమ్మిదేళ్ళుగా చేస్తున్నాను. ఇన్‌చార్జి మొన్న రిటైరయ్యారు. ఆ కుర్చీకి దరఖాస్తు పెట్టింది ఇద్దరమే, నేనూ అల్లుడుగారూ. కూర్చున్న చోటికే అన్నీ అందాలంటాడని అతనికి ఆ పేరు పెట్టింది నేనే. మూడేళ్ళ క్రితం చేరినప్పుడు శాంపిల్ సీసా పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పిందీ నేనే. చిన్న ఆఫీసు కాబట్టి ఏదైనా అందరం కూర్చునే తేలుస్తాం. ఆ మీటింగులకి తినడానికేదైనా తేవడం, జరిగిందంతా రిజిస్టరులో మినిట్స్‌గా రాయడం ఎప్పుడో నా మెడకి చుట్టుకున్నాయి.

ఇవాళ ఆ కుర్చీ సంగతి తేల్చే మీటింగు మొదలవగానే మా ఆఫీసు పెద్దసారు, "వేడి చేసి, కోసి పట్రండమ్మా. చల్లారితే ఏం బాగుంటుంది?" అన్నారు. వెళ్ళాను. పది ముక్కలు విరక్కుండా తీయడానికి పావుగంట పట్టింది. ట్రేతో, మోచేత్తో తలుపు తోసుకుని వచ్చేసరికి అందరూ అల్లుడుగారికి షేక్‌హ్యాండ్ ఇస్తున్నారు.

"మీ గురించి కూడా ఆలోచించామమ్మా," అన్నారు పెద్దసారు, ప్లేటు అందుకుంటూ. "ఇంటిపనే మీకు తలకు మించి ఉంటుంది. ఇదిగో, ఇంత ఓపిగ్గా ఇలాంటివి చేసే మనిషిని ఆ ఒత్తిడిలోకి లాగడం పాపం కాదూ? అబ్బ, ఏం కుదిరిందండీ!"

అల్లుడుగారు తలెత్తలేదు. ప్లేటు మాత్రం చాచాడు.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. తొమ్మిదేళ్ళ రిపోర్టుల్లో ఒక్క తప్పు దొరకని వీళ్ళకి, నేను ఓపిగ్గా వండానన్నదే నాకు వ్యతిరేకంగా సాక్ష్యమైంది. ఆ సాక్ష్యాన్ని నేనే బస్సులో ఒళ్ళో పెట్టుకుని మోసుకొచ్చాను. వేడి చేసి మరీ వడ్డించాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"మినిట్స్ రాసేయండి. ఏకగ్రీవంగా నిర్ణయించడమైనది అని," అన్నారాయన, వేళ్ళు తుడుచుకుంటూ.

రెండో విడత కోసం ఒకరిద్దరు ఖాళీ ప్లేట్లతో నావైపు చూస్తున్నారు. నేను లేవలేదు. రిజిస్టరు తెరిచి రాశాను. సంతకం పెట్టి, పైకి చదివాను.

"ఈ నిర్ణయం తీసుకున్నప్పుడు దరఖాస్తుదారుల్లో ఒకరు గదిలోనే ఉన్నారు. రెండో ఆవిణ్ణి ఆపిల్ పై కోయడానికి బయటికి పంపారు. ఆవిడ ఈ నిర్ణయానికి ఒప్పుకోవడం లేదు."