సీసా దించే రోజు

సెప్టెంబరులో లేబర్ డే సెలవు వచ్చిందంటే క్లోవిస్ మొదట చేసే పని, పెరట్లో హమ్మింగ్ పిట్టల సీసా దించెయ్యడం. పంచదార నీళ్ళు దొరికినన్నాళ్ళూ పిట్టలు దక్షిణానికి కదలవనీ, తిండి మరిగి ఇక్కడే ఉండిపోయి చలికి చస్తాయనీ వాళ్ళ నాన్న చెప్పాడు. నాన్నకు తాత చెప్పాడు. పిట్టల్ని మాత్రం ఎవరూ అడగలేదు.

దించేది ఆయనే గాని, మార్చి నుంచి ఆ సీసా నింపేది భార్య ఒజేలియా. ఒక కప్పు పంచదారకు నాలుగు కప్పుల నీళ్ళు కలిపి కాచి, చల్లార్చి పోసేది. బొటనవేలంత పిట్టలు గాలిలో నిలబడి తాగుతుంటే పొయ్యి మీద కూర మరిచిపోయి చూసేది. క్లోవిస్ చక్కెర మిల్లు నుంచి వచ్చి, మాడిన కూర తిని సణిగేవాడు. ఫిబ్రవరిలో ఒజేలియా పోయింది. ఇప్పుడు ఆ మాడిన కూర పెట్టినా కళ్ళకద్దుకుని తింటాడు.

డిసెంబరులో ఒక సాయంత్రం, తెల్లారేసరికి నీళ్ళు గడ్డకడతాయని రేడియో చెప్పింది. మరదలు వెర్నీస్‌ది పక్కిల్లే. ఆమె నారింజ చెట్టుకు కప్పడానికి క్లోవిస్ పాత దుప్పట్లు పట్టుకెళ్ళాడు. చెట్టు వెనక్కి తిరిగేసరికి, కామెల్లియా పూలచెట్టు కొమ్మకు ఎర్ర మూత సీసా, నిండుగా.

"నీకేమైనా మతిపోయిందా? డిసెంబరులో సీసానా? పిట్టల్ని చంపుతావా?"

"అరవకు బావా, పిట్ట జడుసుకుంటుంది" అంది వెర్నీస్ మెట్ల మీద నుంచి. "పోవాల్సినవి సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పోయాయి. నీ సీసా చూసుకుని కాదు, వాటి లెక్క వాటికుంది. ఇది వేరే పిట్ట. పడమటి కొండల్లో మంచు పడితే ఇక్కడికొస్తుంది. ఐదేళ్ళుగా వస్తోంది, పిట్టల లెక్క రాసేవాళ్ళు దాని కాలికి తొడిగిన ఉంగరమే గుర్తు. అక్క పిట్ట ఇది."

"ఒజేలియాదా?"

"మరి రోజూ పొద్దున్నే అక్క నా కాఫీ కోసం వచ్చేదనుకున్నావా? నా కాఫీ నేనే తాగలేను!"

క్లోవిస్ దుప్పట్లు అక్కడే పడేసి మెట్టు మీద కూలబడ్డాడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి, అంత తొందరగా కూలబడడం వెర్నీస్ ఎన్నడూ చూడలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"మొదటి ఏడే చెప్పింది. చెరుకు ఆడే రోజులు. పన్నెండు గంటల డ్యూటీ చేసొచ్చి, ఊఁ అని నిద్రపోయావుట. మళ్ళీ చెప్పవే అన్నాను నేను. 'ఆయన జాలిపడి దించుతున్నాడే, జాలిపడే వాడితో ఏమని పోట్లాడను?' అంది."

క్లోవిస్‌కు పోయినేడు లేబర్ డే గుర్తొచ్చింది. ఒజేలియా అప్పటికే మంచం దిగలేకపోతోంది. కిటికీ దగ్గర ఆ ఒక్క సీసా ఉంచమని అడిగింది. "చిన్నపిల్లలా మాట్లాడకు. నీ ముచ్చట కోసం వాటి ప్రాణం తీస్తామా?" అన్నాడు తను. ఆమె నవ్వి గోడవైపు తిరిగింది. తన పిట్టను ఒక్కసారి కూడా చూడకుండానే ఆమె చివరి చలికాలం గడిచిపోయింది.

"పోయినేడు వచ్చిందా అది?" అడిగాడు.

"వచ్చింది. రోజూ అక్కకు ఫోన్ చేసి చెప్పేదాన్ని. నువ్వు టీవీ శబ్దం పెంచేవాడివి."

ఆయన లేచి, పడేసిన దుప్పట్లు ఏరి నారింజ చెట్టుకు కప్పసాగాడు. వెర్నీస్ అంది, "ఇవాళ రాత్రికి ఈ నీళ్ళు బిగుసుకుపోతాయి. తెల్లారగానే దీని కడుపులో ఏదైనా పడకపోతే బతకదు. ఇలాంటి రోజుల్లో అక్క వెచ్చటి సీసాతో ముందే వచ్చి నిలబడేది. నా మోకాళ్ళతో నేను ఈ మంచులో దిగలేను."

"నేనొస్తాను."

"ఒకటికి నాలుగు బావా! మిల్లు మనిషివి గదా అని పంచదార దిమ్మరించకు."

తెల్లవారకముందే క్లోవిస్ నీళ్ళు కాచాడు. ఆమె కప్పుతోనే కొలిచాడు, రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. చల్లారుతున్న సీసాను కోటు లోపల పొట్టకు ఆనించుకుని కామెల్లియా దగ్గరికి నడిచాడు. కాళ్ళ కింద గడ్డి కరకరలాడింది. కొమ్మకు పాత సీసా కట్టిన తీగ మంచుకు బిగుసుకుపోయి, ఎంత లాగినా ఊడి రాలేదు. అది వదిలేసి, తను తెచ్చిన సీసానే రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు.

వెలుగు వచ్చింది. పిట్ట రాలేదు. భుజాలు లాగేస్తున్నాయి. చచ్చిపోయిందేమో, ఈసారీ తన ఆలస్యమేనేమో అనుకున్నాడు. డెబ్భై ఏళ్ళ మనిషి పసివాడిలా "రావే తల్లీ, రావే" అని బతిమాలుకున్నాడు.

చెవి పక్కన ఝుమ్మంది. ఇటుక రంగు పిట్ట, కాలికి సన్నటి ఉంగరం. సీసా చుట్టూ ఒకసారి తిరిగి ఆయన మొహంలోకి చూసింది. తర్వాత ముక్కు దింపింది. రెక్కల గాలి ఆయన వేళ్ళకు తగిలింది.

వంటింటి కిటికీలోంచి వెర్నీస్ గొంతు తగ్గించి కసిరింది. "చేతులు కదపకు బావా!"

"నేను కదపట్లేదే" అన్నాడు క్లోవిస్, కళ్ళు తుడుచుకునే వీల్లేక. "వాటంతటవే వణుకుతున్నాయి."