పీపాలో మూడు చుట్లు

బోస్టన్‌కి ఉత్తరాన ఉన్న ఆ రేవు ఊళ్లో జాబెజ్ థార్న్ పీపాలు చేసే మేస్త్రి. 1776 జులై నెలలో ఆయనంత గట్టిగా ఇంగ్లండు రాజును తిట్టినవాడు లేడు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను ఊళ్లో చదివిన రోజున సత్రం మీది జార్జి రాజు బొమ్మ దించి మంటలో వేసింది ఆయనే. రాజు పేరున్నది ఏదైనా సరే తెచ్చి ఇందులో పడేయండని జనానికి చెప్పిందీ ఆయనే. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ పూట ఆయన నోరు ఆయన కొంపకే ఎసరు పెట్టింది.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న ఏసహెల్ ప్రాట్‌కి పదిహేడేళ్లు. ఐదేళ్ల కింద వాళ్లమ్మ ఏడేళ్లకు ఒప్పందం రాసి అతన్ని జాబెజ్‌కి అప్పగించింది. ఒకే కాగితం మీద రెండుసార్లు రాసి, మధ్యలో వంకరటింకరగా కత్తిరించి చెరో సగం దాచుకోవడం అక్కడి ఆచారం. ఇంకా రెండేళ్లుంది. సైన్యానికి ఉప్పుమాంసం పీపాలు చేసేవాళ్లు కావాలని కబురొచ్చినప్పటి నుంచి ప్రాట్‌కి వెళ్లాలని ప్రాణం కొట్టుకుంటోంది.

అతను తన సగం కాగితం తెచ్చి మంట దగ్గర మేస్త్రికి చూపించాడు. పై వరుసలో, జార్జి రాజుగారి ఏలుబడి పదకొండో ఏట అని ఉంది.

“మీరే కదండీ అన్నారు, రాజు పేరున్నది ఏదైనా అని.”

జనం చూస్తున్నారు. జాబెజ్ ఆ వరుసను రెండుసార్లు చదివాడు. మూడోసారి చదివినా రాజు అక్కడే ఉన్నాడు. ఇంటికెళ్లి బైబిలు కింద నుంచి తన సగం తెచ్చి, రెండు ముక్కలూ అంచుకు అంచు సరిపోయాయని చూసుకుని మరీ మంటలో వేశాడు. ఏ పనీ అడ్డదిడ్డంగా చేసే మనిషి కాదు.

తెల్లారి మూట కట్టుకుంటుంటే ప్రాట్‌కి గుర్తొచ్చింది. ఆ పనివాళ్ల ఆచారం ప్రకారం, పని పూర్తిగా నేర్చినవాణ్ణి, వాడు చేసిన పీపాలోనే కూర్చోబెట్టి, తలమీద మసీ చెక్కపొట్టూ బీరూ పోసి, మేస్త్రి మూడు చుట్లు దొర్లించాలి. అలా దొర్లనివాణ్ణి ఏ రేవులోనూ పీపాల పనివాడనరు. సైన్యమైనా ముందు అడిగేది అదే. ఒప్పందం తెగింది గాని అతను పనివాడు కాలేదు. అడగడానికి మొహం చెల్లక, వెళ్లొస్తానని మాత్రం చెబుదామని పెరట్లోకి వెళ్లాడు.

నిన్న ప్రాట్ బిగించిన పీపా పక్కన జాబెజ్ నిలబడి ఉన్నాడు. ఐదేళ్లలో ఆయన ప్రాట్‌ని పేరు పెట్టి పిలిచింది లేదు.

“ఒరేయ్, కాగితం కాలిపోయింది. నీకు పని చెప్పే హక్కు నాకు లేదు.”

“లేదండి.”

“అందుకే అడుగుతున్నా. ఇందులో దిగుతావా?”

ప్రాట్ దిగాడు. మసి పడింది, పొట్టు పడింది, పులిసిన బీరు పడింది. రెండు చుట్లకే ముసలాయన మోకాళ్లు మొరాయించాయి. ఆ పీపా మీదే కూర్చుని ఆయాసం తీర్చుకున్నాడు. తరవాత మూడో చుట్టు కూడా పూర్తయింది.

ప్రాట్ పాక్కుంటూ బయటికొచ్చాడు. జాబెజ్ ముందు పీపా చుట్టూ తిరిగి చూశాడు. ఒక్క పలకా కదల్లేదు. అప్పుడు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“ప్రాట్ గారూ, మొహం కడుక్కుని రండి. మా ఆవిడ మొక్కజొన్న రొట్టె చేసింది.”

ప్రాట్ తొట్టి దగ్గరికి వెళ్లాడు. మసి ఎప్పుడో పోయింది. అతను ఇంకా మొహం కడుక్కుంటూనే ఉన్నాడు.